కుడికాలు కుంటిన తోడేలు

1994 జూన్‌లో ఫిల్మ్ నగర్‌లోని ఒక చిన్న నిర్మాణ సంస్థలో వీడియో ఎడిటర్‌గా చేరాను. ఆ అక్టోబరులో మా సంస్థ తయారుచేసిన తోడేళ్ల కార్యక్రమం ఒకటి టీవీలో ప్రసారమైంది. దాని చివర వినిపించిన నాలుగు వాక్యాలు, టైటిల్స్‌లో వ్యాఖ్యాన రచయితగా పేరు పడిన నర్సింహులు సార్ రాసినవి కావు. నేను రాసినవి. ఆ మాట చెప్పవలసిన రోజు ఒకటి వచ్చింది. చెప్పవలసిన మనుషులు ఎదురుగానే ఉన్నారు. నేను చెప్పలేదు. ఈ వ్యాసం అందుకోసం రాస్తున్నాను.

అంతకుముందు పదకొండేళ్లు సినిమాల్లో ఉన్నాను. 1983లో మద్రాసు నుంచి మా గురువుగారి వెంట ఇక్కడికి వచ్చాను. ఎడిటింగ్ గదిలో హోదాల మెట్లుంటాయి. అప్రెంటిస్ ఫిల్ము ముక్కలకు నంబర్లు వేస్తాడు. అసిస్టెంట్ వాటిని వరసగా కొక్కేలకు తగిలిస్తాడు, అడిగిన ముక్క క్షణంలో తీసి ఇస్తాడు. అసోసియేట్ మొదటి కూర్పు చేస్తాడు. ఎడిటర్ దాన్ని సరిదిద్దుతాడు, తెర మీద పేరు మాత్రం ఆయనకే విడిగా పడుతుంది. మిగతా మా పేర్లన్నీ ఒకే కార్డు మీద, చదివేలోపు వెళ్లిపోతాయి. మా అమ్మ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఆ కార్డు మీద నా పేరు వెతికి పట్టుకోలేకపోయింది. కొత్త సంస్థలో "ఎడిటింగ్: మూర్తి" అని విడిగా కార్డు వేస్తామన్నారు. సినిమా వదిలి వీడియోకి రావడానికి అదే కారణం.

మా నిర్మాత రామ్మోహన్‌గారు ఒక విదేశీ సంస్థ నుంచి వన్యప్రాణుల మీద పదమూడు భాగాలు కొన్నారు. ఒక్కొక్కటి యాభై నిమిషాలు. మన చానెల్‌లో అరగంట సమయం, ప్రకటనలు పోగా ఇరవై రెండు నిమిషాలు. అంటే సగానికి పైగా తీసేయాలి. ఇలాంటి పనికి మూడు వస్తువులు వస్తాయి: బొమ్మ ఉన్న టేపు; మాటలు లేకుండా సంగీతం, అరుపులు, గాలి చప్పుడు మాత్రమే ఉన్న శబ్దపు ట్రాక్; ఇంగ్లిష్ వ్యాఖ్యానం ఉన్న కాగితాలు. ఎడిటర్ ముందు బొమ్మను కుదిస్తాడు. ఏ షాట్ మూల టేపులో ఏ నిమిషం దగ్గర్నుంచి తీశాడో ఒక కాగితం మీద వరసగా రాసుకుంటాడు. దాన్ని ఎడిట్ షీట్ అంటాం. కుదించిన బొమ్మకు సరిపడా రచయిత తెలుగులో రాస్తాడు, గాత్రం చెప్పేవాడు బొమ్మ చూస్తూ చదువుతాడు.

రచయిత నర్సింహులు సార్ జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం లెక్చరర్. యూసుఫ్‌గూడలో ఉండేవారు. కాలేజీ అయ్యాక సిటీ బస్సు దిగి, ఎండలో గుట్ట ఎక్కి, చెమటతో వచ్చేవారు. అప్పటికే ఆరేళ్లుగా జంతువుల మీద తెలుగులో ఒక పుస్తకం రాస్తున్నారు. వరంగల్‌లో స్థిరపడ్డ ఆయన గురువుగారు, పేరున్న ఆచార్యుడు, అధ్యాయాలన్నీ దిద్ది ముందుమాట రాయడానికి ఒప్పుకున్నారు. ఆ ముందుమాట ఉంటే వేస్తామని ఒక ప్రచురణకర్త మాట ఇచ్చాడు. సార్ ఆశంతా ఆ పుస్తకం మీదే. టీవీలో పేరు పడితే ఆ పుస్తకాన్ని నలుగురు చదువుతారనే మా దగ్గరికి వచ్చానని ఆయన దాపరికం లేకుండా చెప్పారు.

మూడో భాగం తోడేళ్లది. మేమిద్దరం టేపు మొత్తం కలిసి చూశాం.

చెట్టన్నది లేని దీవి. రాయి, మంచు, గాలి. అక్కడ ఏడు తెల్లటి తోడేళ్ల గుంపు ఒకటి. గుంపంటే నేను దొంగల ముఠాలాంటిది అనుకున్నాను. అది ఒక కుటుంబమని సార్ చెప్పారు: ఒక జంట, వాటి నిరుటి పిల్లలు, అంతకు ముందటేడు పిల్లలు, ఒక ముసలి ఆడ తోడేలు. ఆ ముసలిది ఇప్పటి తల్లికి తల్లి కావచ్చని మూలంలో ఉంది. కొండ చీలికలో గుహ. అందులో కొత్తగా పుట్టిన కూనలు నాలుగు. వేటకు పోయినవి ఒక్కోసారి రోజంతా నడిచేవి. నేలదాకా వేలాడే బొచ్చున్న అడవి ఎద్దుల మంద కనబడితే, ఆ ఎద్దులు దూడలను మధ్యలో పెట్టుకుని కొమ్ములు బయటికి తిప్పి గుండ్రంగా నిలబడేవి. తోడేళ్లు చుట్టూ తిరిగి తిరిగి, ఆ వలయం చెదరకపోతే ఖాళీ కడుపులతో వెనక్కి వచ్చేవి. ఎక్కువసార్లు జరిగేది అదే. దొరికిన రోజున తిన్నదాన్ని కడుపులో మోసుకొచ్చి, కూనలు మూతి నాకితే వాటి ముందు కక్కేవి.

ఆ ఎద్దులకు సార్ "బొచ్చెద్దు" అని పేరు పెట్టారు. రామ్మోహన్‌గారు పకపకా నవ్వి, "సార్, ఇది ఫ్యామిలీ ప్రోగ్రామండీ, కొంచెం చూసి పెట్టండి" అన్నారు. సార్ కూడా నవ్వారు. "బొచ్చుందిగద సార్, మరి జుట్టెద్దు అందామా? గుండెద్దు అనరాదు గదా!"

ఒక వేటలో ముసలిదాన్ని ఎద్దు తన్నింది. ఎడమ వెనక కాలు దెబ్బతింది. అప్పటి నుంచి అది గుంపుతో పోలేకపోయింది. మిగతావి తిన్న చాలాసేపటికి కుంటుకుంటూ వచ్చి ఎముకలు కొరికేది. తర్వాత అది కూడా మానేసి గుహ దగ్గర కూనలను కనిపెట్టుకుని ఉండేది. ఒకరోజు వేట నుంచి వచ్చిన నిరుటి పిల్ల ఒకటి కూనలకు పెట్టాక, పక్కకు వచ్చి దాని ముందు కూడా మాంసం కక్కింది. సార్ కుర్చీలో ముందుకు జరిగారు. టేపు వెనక్కి తిప్పమని ఆ ముక్క మూడుసార్లు చూశారు. "చూసినవా మూర్తీ! ఎవ్వరు నేర్పిండ్రు దానికి?" అన్నారు.

ఎండాకాలం అయిపోయి, నెలల తరబడి సూర్యుడు రాని కాలం మొదలైంది. చివరి వెలుగులో గుంపు ఒకే వరసలో మంచు మీద నడిచి వెళ్లింది. ముసలిది అందరికన్నా వెనక. మళ్లీ వసంతంలో చిత్రీకరణ వాళ్లు తిరిగి వచ్చేసరికి అది గుంపులో లేదు. ఎక్కడ పోయింది, ఎలా పోయింది మాకు తెలియదు అని ఇంగ్లిష్ వ్యాఖ్యానం అక్కడితో ఆగింది. సార్ కూడా అంతే రాశారు: "దానికేమైందో చూసినవారు లేరు. అందుకని చెప్పలేము."

రామ్మోహన్‌గారు చెడ్డ మనిషి కాదు. పదిహేనేళ్లు కుటుంబ కథా చిత్రాలు తీసినవాడు. కుదించిన ప్రతి చూసి ఆయన తల పట్టుకున్నారు.

"తెలియదు అంటే ఎలాగండీ సార్? మా అత్తగారు ఇప్పుడే అడుగుతారు, తర్వాతేమైందయ్యా అని. ఆవిడ మొహం మీద తెలియదని మీరు చెప్తారా?"

"చెప్త. తెల్వదంటే తెల్వదనే చెప్త. అందుల సిగ్గేమున్నది?"

"మీ క్లాసులో చెప్పండి, చెల్లుతుంది. ఇక్కడ చానెల్ మారుస్తారు. చూడండి, చేతిలో ముసలిది ఉంది. కాలు విరిగింది. తిండి దండగ. కన్న కూతురే ఇంట్లోంచి గెంటేసింది! ఊళ్లో ఆడవాళ్లందరూ కళ్లు తుడుచుకుంటారు."

"గెంటలేదు గద సార్. తిండి పెట్టినయి. బొమ్మలనే ఉన్నది."

"ఆ బొమ్మ తీసేద్దాం" అన్నారు రామ్మోహన్‌గారు. నావైపు తిరిగి, రేపు సాయంత్రానికి అవుతుందా మూర్తిగారూ అని అడిగారు. అవుతుందన్నాను.

ఎలా అయిందో పని తెలిసినవాడిగా చెప్పాలి. మాంసం దగ్గర తల్లి తోడేలు ఒక పెంకి పిల్లను పళ్లు చూపించి అదిలించిన షాట్ ఉంది. అందులో పిల్ల కనబడే భాగం తీసేసి, తల్లి ముఖం మాత్రం ఉంచాను. దాని తర్వాత ముసలిది ఎటో చూసి తల దించుకున్న షాట్ పెట్టాను. నిజానికి అది వేరే రోజున, గాలి ఎదురుకొట్టినప్పటిది. రెండు చూపులు పక్కపక్కన పెడితే ఒకరు తిట్టినట్టు, ఒకరు పడ్డట్టు ప్రేక్షకుడే అనుకుంటాడు. సినిమాలో రోజూ చేసే పని ఇది. తర్వాత అది ఒంటరిగా వెళ్లిపోవాలి. అలాంటి షాట్ మూలంలో లేదు. ముసలిది ఒంటరిగా నడిచిన షాట్ ఒక్కటే ఉంది, అది గుహవైపు, కూనల దగ్గరికి వస్తున్నది. కార్యక్రమమంతా గుహ తెరకు ఎడమవైపు ఉంటుంది. ఆ షాట్‌ను ఎఫెక్ట్స్ యంత్రంలో అద్దంలోలాగా తిరగేశాను. ఇంటికి వస్తున్న తోడేలు కుడివైపుకు, ఇల్లు వదిలి పోతున్నదయింది. దాని మీద గుంపు ఊళ వేశాను. అది చెదిరిపోయిన కుటుంబాన్ని ఒకచోటికి పిలిచే ఊళ అని అంతకు రెండు రోజుల ముందే సార్ నాకు చెప్పి ఉన్నారు.

మర్నాడు సార్ చూశారు. తర్వాత తెర దగ్గరికి లేచి వెళ్లి వేలు పెట్టారు.

"మూర్తీ, దెబ్బ తాకింది ఎడమకాలుకు. గిక్కడ కుంటేది కుడికాలు. ఏందిది?"

రామ్మోహన్‌గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, కాళ్లు ఎవరు చూస్తారు సార్, కళ్లు చూస్తారు గానీ అన్నారు. ఈ బొమ్మకు మాత్రం తాను రాయనని చెప్పి సార్ వెళ్లిపోయారు. మొదటి ఇరవై నిమిషాలకు ఆయన రాసింది ఉంది. చివరి రెండు నిమిషాలకు లేదు. డబ్బింగ్ థియేటర్ బుక్ అయి ఉంది, గాత్రం చెప్పేవాడు వచ్చి కూర్చున్నాడు. పక్క గదిలో నేనే నాలుగు వాక్యాలు రాశాను. అడవిలో జాలి ఉండదని, పనికిరాని తల్లికి పిల్లలే వాకిలి చూపిస్తారని. బొమ్మ పొడవుకు సరిగ్గా సరిపోయాయి. గాత్రం చెప్పేవాడు చదువుతూ మధ్యలో ఆగి కళ్లు తుడుచుకున్నాడు, రెండో టేక్ తీసుకోవలసి వచ్చింది. బాగా రాశారండీ అన్నాడు. నాకు సంతోషం కలిగింది. సంతోషం కలగలేదని ఇప్పుడు రాస్తే మళ్లీ అబద్ధమవుతుంది.

టైటిల్స్ అంతకుముందే తయారయ్యాయి. వ్యాఖ్యానం: ఆయన. తర్వాతి కార్డు: ఎడిటింగ్, నేను. వాటిని ఎవరూ మార్చలేదు, మార్చమని నేను అడగలేదు.

ప్రసారమయ్యాక ఉత్తరాలు బాగానే వచ్చాయి. కళ్లు తుడుచుకున్నవాళ్లే ఎక్కువ. సార్‌కు మాత్రం వరంగల్ నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది, దాని తర్వాత ఇంకొకటి. రెండూ పట్టుకుని ఆయన ఆఫీసుకు వచ్చారు, మాకు చదివి వినిపించారు. దెబ్బ ఎడమకాలికి, కుంటేది కుడికాలు. అయితే అవి రెండు వేర్వేరు జంతువులు, లేదంటే బొమ్మ తిరగబడింది, నీ కంటికి ఆనలేదా అని గురువుగారు అడిగారు. గాయపడ్డదాన్ని గుంపు తరిమేసిందని నువ్వు ఏ పుస్తకంలో చదివావు, నా దగ్గరైతే చదవలేదు అని రాశారు. నేను రాయలేదు అని సార్ జవాబు పంపితే, పేరు నీదే కదా, ఆ సంస్థవాళ్ల చేత ఒక ముక్క రాయించి పంపు, అప్పుడు ముందుమాట సంగతి చూద్దాం అని రెండో కార్డు వచ్చింది.

"నాకేం వద్దు సార్. మీ కాయితం మీద ఒక్క లైను. చివరి మాటలు నర్సింహులు రాసినవి గావు అని. పెద్దాయనకు పానం బాగలేదు. జర జల్ది కావాలె."

రామ్మోహన్‌గారు ఇబ్బందిగా కదిలారు. మా సంస్థే తప్పు చేసిందని రాతపూర్వకంగా ఇస్తే చానెల్ మిగతా భాగాలు తీసుకోదని ఆయన భయం. ఎవరు రాశారో అప్పటికి ఆయనకు నిజంగా తెలియదు. సార్ కోపం తగ్గాక ఏదో రాసి పంపి ఉంటారని అనుకున్నారు. నావైపు తిరిగారు.

"మూర్తిగారూ, మీరు దగ్గరున్నారుగా. చివర్లో చదివింది సార్ ఇచ్చిన స్క్రిప్టేనా కాదా?"

ఎడిట్ షీట్ నా సొరుగులో ఉంది. నా చేతిరాతతో ఆ నాలుగు వాక్యాలు దాని వెనకవైపే ఉన్నాయి. పది అడుగుల దూరం.

"నా చేతికి వచ్చిన స్క్రిప్టు ప్రకారమే కట్ చేశానండీ" అన్నాను.

సార్ నన్ను చూశారు. కోపంగా చూసి ఉంటే గుర్తుండేది కాదేమో. లెక్క తప్పు చేసిన విద్యార్థి తనంతట తనే దిద్దుకుంటాడని ఆగి చూసినట్టు చూశారు. నేను దిద్దుకోలేదు. కార్డులు రెండూ జేబులో పెట్టుకుని, "సరే మరి, ఉంట" అని వెళ్లిపోయారు. ఆ సాయంత్రం ఎడిట్ షీట్ చించేశాను.

మిగతా పది భాగాలు వేరే రచయిత రాశాడు. సార్ గురువుగారు ఫిబ్రవరిలో పోయారు. ముందుమాట రాయలేదు. పుస్తకం రాలేదు. అప్పట్లో టేపులు ఖరీదు, ప్రసారమైన వాటి మీదే కొత్తవి ఎక్కించేవాళ్లం. మా తోడేళ్ల మీద ఒక వంటల కార్యక్రమం ఎక్కింది. ఎక్కించింది నేనే. కాబట్టి ఇప్పుడు దాన్ని ఎవరూ సరిచేయలేరు. చూసినవాళ్ల తలల్లో ఆ ముసలిది ఇంకా గెంటివేయబడుతూనే ఉంది. మా పెద్దక్క మొన్నటి వరకు కోడలితో మాటామాటా వచ్చినప్పుడల్లా, తోడేళ్లు కూడా అంతేనంటగా అనేది. అది తన తమ్ముడు రాసిన మాట అని ఆమెకు తెలియదు.

నా కార్డు పదమూడు భాగాల్లోనూ విడిగా పడింది. మా అమ్మ చూసింది. 1999లో మెడ నరాలు దెబ్బతిని ఈ వృత్తి మానేశాను. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు.

ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి అడుగుతుంటారు. వాళ్లకు చెప్పగలిగింది ఒకటే. షాట్ ఎక్కడినుంచి తీశామో రాసి ఉన్న కాగితం పని పూర్తయ్యాక కూడా ఉండాలి. ఎవరైనా అడిగితే చూపించాలి. చూపించలేని కూర్పు చేయకూడదు. ఇందులో గొప్ప నీతి ఏమీ లేదు, పని చేసే పద్ధతి అంతే. దాన్ని నేను తప్పాను, నష్టం ఇంకొకరికి జరిగింది. ఎంత కాలం గడిచినా ఆ నష్టం తగ్గలేదు.

పని మానేసిన నెలలోనే యూసుఫ్‌గూడ వెళ్లాను. సార్ తలుపు తీశారు. జుట్టంతా తెల్లబడింది. గుర్తుపట్టి, రమ్మని కుర్చీ చూపించారు. వచ్చిన పని చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు.

"ఇప్పుడు నాకు చెప్తే ఏమొస్తది మూర్తీ?" అన్నారు. "నేను రాయలేదని నాకు ఎర్కనే గద. ఎర్క కావాల్సినాయన పోయిండు."

పుస్తకం ఇంకా వేయవచ్చు కదా సార్, నేను తిరుగుతాను అన్నాను. ఆయన చెయ్యి ఊపారు. రాతప్రతి ఎక్కడుందో కూడా చెప్పలేదు. వంటింటివైపు తిరిగి పిలిచారు.

"శాంతా, జర ఇటు రా."

ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఈమెకు చెప్పు" అన్నారు సార్. "ఆ కార్డు వచ్చిననాడు ఏమన్నదో తెల్సా? పెద్దాయన కాళ్లు మొక్కి తప్పయిందని ఒప్పుకోరాదా, అంత పట్టుదల ఎందుకు అన్నది. గిప్పటికీ గదే అంటది. ఐదేండ్ల సంది ఈ ఇంట్ల అబద్ధమాడినోణ్ని నేనే. చెప్పు. గట్టిగ చెప్పు, ఆమెకు జర చెవుడు."

నేను లేచి నిలబడ్డాను.

"అమ్మా, తోడేళ్ల కార్యక్రమంలో చివరి మాటలు సార్ రాయలేదు. నేను రాశాను. బొమ్మ తిరగేసింది కూడా నేనే. అది తప్పని సార్ ఆ రోజే వేలు పెట్టి చూపించారు. ఆయన చెప్పకముందే, తిరగేసిన క్షణంలోనే, కాలు మారిందని నేను చూశాను. చూసే వదిలేశాను. తర్వాత సార్ వచ్చి ఒక్క లైను అడిగితే, నాకు తెలిసి కూడా ఆయన ముందే అబద్ధమాడాను. మీ ఇంట్లో అబద్ధమాడినవాళ్లు ఎవరూ లేరమ్మా. నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను."

ఆమెకు సరిగా వినబడలేదు. సార్ మళ్లీ చెప్పమన్నారు. ఇంకా గట్టిగా, మొదటి నుంచి, మళ్లీ చెప్పాను.